సోమవారం కంచం

బడిలో వంట చేసే అక్కల్ని ఎవరినైనా అడిగి చూడండి, వారంలో ఏ రోజు అన్నం చాలదని. ఎక్కువమంది సోమవారం అంటారు. శనివారం మధ్యాహ్నం బడిలో తిన్న పిల్లల్లో కొందరు మళ్లీ కడుపునిండా తినేది సోమవారం మధ్యాహ్నమే. ఆ రోజు మారు అన్నం కోసం లేచే చేతులు ఎక్కువ. గుండిగ అడుగు తొందరగా కనిపిస్తుంది. ఏ ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదో తెలియాలంటే సోమవారం వడ్డన దగ్గర అరగంట నిలబడి కంచాలు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

స్కూల్ కమిటీలో ఉన్న తల్లిదండ్రుల కోసం, కొత్తగా హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుల) బాధ్యత తీసుకున్న టీచర్ల కోసం, బడి పిల్లలకు ఏదైనా చేయాలని ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఇందులో చాలావరకు వర్తిస్తుంది.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. బడి భోజనం ఎవరి దయా కాదు. 1995 ఆగస్టు 15న మధ్యాహ్న భోజన పథకం మొదలైనప్పుడు చాలా రాష్ట్రాల్లో పిల్లలకు నెలకు 3 కిలోల బియ్యమో గోధుమలో ఇచ్చి పంపేవారు. అది ఇంటిల్లిపాదికీ సర్దుబాటయ్యేది, పిల్లల కడుపులోకి ఎంత వెళ్లిందో ఎవరికీ తెలిసేది కాదు. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు, బియ్యం కాదు, వండిన భోజనమే పెట్టాలని, అందులో కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలని, ఏడాదిలో కనీసం 200 రోజులు పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడుల్లో వంట మొదలైంది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం 8వ తరగతి దాకా దీన్ని హక్కు చేసింది. 9, 10 తరగతుల పిల్లలకు మన రెండు రాష్ట్రాలూ సొంత ఖర్చుతో పెడుతున్నాయి. 2021 నుంచి కేంద్ర పథకం పేరు పీఎం పోషణ్. ఆంధ్రలో ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుతో నడుస్తోంది. ఏ వేళప్పుడు ఎవరు వచ్చినా వండి వడ్డించిన లంకల గన్నవరం ఇల్లాలి పేరు బడి భోజనానికి పెట్టడం నాకు ఎంతో సబబుగా అనిపిస్తుంది.

గ్రాముల లెక్క

1 నుంచి 5 తరగతుల పిల్లలకు రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. 6 నుంచి 8 వాళ్లకు బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములు. ఇవి పచ్చి సరుకు లెక్కలు. ఇలా వండితే చిన్నవాళ్లకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, పెద్దవాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ అందాలన్నది నియమం. గుడ్డు పెడితే దానికి మరో 6 గ్రాముల ప్రొటీన్ కలుస్తుంది. ఆంధ్రలో వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ, మూడు రోజులు రాగిజావ. తెలంగాణలో వారానికి మూడు గుడ్లు.

ఈ 100 గ్రాముల దగ్గరే చాలా బడుల్లో పొరపాటు జరుగుతుంది. అది సగటు. ఒక్కో కంచానికి కొలిచి పోయమని కాదు. ఒకటో తరగతి పిల్ల 60, 70 గ్రాముల బియ్యం అన్నం తినేసరికే చేయి కడిగేసుకుంటుంది. ఐదో తరగతి పిల్లాడు 150 గ్రాములది తినగలడు. అందరికీ ఒకే గరిటె లెక్కన పెట్టి ఆపేస్తే చిన్నవాళ్ల కంచాల్లో అన్నం మిగిలి పారబోతకు పోతుంది, పెద్దవాళ్లు సగం కడుపుతో లేస్తారు. మొదటి వడ్డన తక్కువగా పెట్టి, మారు వడ్డన తప్పకుండా తిప్పితే అదే బియ్యంతో అందరి కడుపూ నిండుతుంది. అడిగితేనే పెడతాం అనే బడిలో అడగలేని పిల్లలే నష్టపోతారు. ఆకలెక్కువ ఉన్న పిల్లలకే అడగడానికి సిగ్గెక్కువ. అందుకే మారు అన్నం గుండిగ వరుసల మధ్యకు రావాలి. పిల్లలు గుండిగ దగ్గరికి నడిచి వెళ్లే పద్ధతి మానిపించండి.

ఒక రోజు వంట లెక్క వేసి చూద్దాం. ప్రైమరీ పిల్లలు 60 మంది, 6 నుంచి 8 దాకా 40 మంది ఉన్న బడి. బియ్యం 12 కిలోలు, పప్పు 2 కిలోల 400 గ్రాములు, కూరగాయలు 6 కిలోలు, నూనె 600 గ్రాములు. బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది. మిగతా సరుకులకూ వంట చెరుకుకూ 2025 మే నుంచి ఉన్న కేంద్ర రేటు ప్రైమరీకి తలకు 6 రూపాయల 78 పైసలు, అప్పర్ ప్రైమరీకి 10 రూపాయల 17 పైసలు. మన బడికి వచ్చేది మొత్తం 813 రూపాయల 60 పైసలు. కందిపప్పు కిలో 120 అనుకుంటే 288, కూరగాయలు కిలో 40 చొప్పున 240, నూనె కిలో 150 చొప్పున 90. అంటే 618 అయింది. మిగిలిన 195 రూపాయల్లో చింతపండు, ఉప్పు, కారం, పోపు దినుసులు, గ్యాసో కట్టెలో అన్నీ రావాలి. కూరగాయలు కిలో 70కి వెళ్లిన వారం చేతిలో మిగిలేది 15 రూపాయల 60 పైసలు.

టమాటా ధర పెరిగిన వారం సాంబారు పలచబడేది ఇందుకే. పైగా బిల్లులు నెలల తరబడి రాకపోతే వంట ఏజెన్సీ (బడి వంట బాధ్యత తీసుకున్న బృందం) అక్కలు కిరాణా కొట్టులో అప్పు పెట్టి, ఒంటి మీది బంగారం కుదువపెట్టి నడిపిస్తారు. ఆ భారాన్ని తట్టుకోలేక కొన్నిచోట్ల 82 మంది తిన్న రోజు 100 అని రాయించుకుంటారు. అది తప్పే. కానీ ఆ తప్పు పుట్టేది ఆలస్యమైన బిల్లులో. కమిటీ ఏ రిజిస్టరైనా తనిఖీ చేసేముందు పోయిన నెల బిల్లు వచ్చిందా అని అడగాలి. రాకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు కమిటీ తీర్మానం కాపీ పంపాలి. బిల్లులు సమయానికి వచ్చే బడిలో పప్పు చిక్కగా ఉంటుంది.

పప్పు చిక్కదనం ఎలా చూడాలి

స్టీలు గ్లాసులో ఒక గరిటె పప్పు పోసి పది నిమిషాలు కదపకుండా పక్కన పెట్టండి. పైన తేటనీరు వేలెడు మందం తేలి, కింద పప్పు పల్చని పొరలా కూర్చుంటే ఆ రోజు పప్పు తక్కువ పడిందనో, ఉడక్కముందే దించేశారనో అర్థం. సరిగ్గా ఉడికి మెదిగిన పప్పు నీళ్లు వదలదు. 100 మంది ప్రైమరీ పిల్లలకు 2 కిలోల పప్పు, 5 కిలోల టమాటానో ఆకుకూరో కలిపితే దాదాపు 10 లీటర్ల పప్పు తయారవుతుంది. అంటే తలకు 100 మిల్లీలీటర్లు. మీ బడి గరిటెలో ఎంత పడుతుందో లీటరు సీసా పెట్టి ఒకసారి కొలిచి గోడ మీద రాసి పెట్టండి. గరిటె తెలిస్తే వడ్డన తెలిసినట్టే.

పప్పు ఉడకకపోవడానికి మామూలు కారణాలు మూడు. పాత పప్పు, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు, ముందే వేసిన చింతపండు లేదా టమాటా. పులుపు పడ్డాక పప్పు మెత్తబడదు. అరగంట నానబెట్టి, పప్పు పూర్తిగా మెదిగాకే పులుపు వేయాలి. ఉడకని పప్పు తిన్న పిల్లలకు మధ్యాహ్నం కడుపునొప్పి రావచ్చు. దాన్ని బడి ఎగ్గొట్టే వంక అనుకోవద్దు.

అన్నం విషయంలో ఇంటి వంటకూ గుండిగ వంటకూ తేడా ఉంది. 12 కిలోల బియ్యం ఒకే గుండిగలో వేస్తే అడుగు చిమిడిపోతుంది, పైన పలుకుగా ఉంటుంది. రెండు గుండిగల్లో వండటం మేలు. కొత్త బియ్యానికి ఎసరు తగ్గించాలి, లేకపోతే ముద్దైపోతుంది. ప్రతి కోటా వచ్చినప్పుడు అర కిలో వండి చూసుకుంటే ఆ నెలంతా ఇబ్బంది ఉండదు. తెలంగాణ బడుల్లో 2015 నుంచి, ఆంధ్ర బడుల్లో 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయి. సన్నబియ్యం దొడ్డుబియ్యం కన్నా తొందరగా ఉడుకుతాయి, పాత అలవాటుతో అంతసేపు మంట మీద ఉంచితే జావైపోతాయి.

బియ్యంలో అక్కడక్కడా కాస్త పసుపుగా, మందంగా కనిపించే గింజల గురించి ప్రతి ఏడాదీ గొడవ జరుగుతుంది. ప్లాస్టిక్ బియ్యం అని వీడియోలు తిరుగుతాయి. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి బియ్యప్పిండితో చేసిన గింజలు. మామూలు గింజలు వందకు ఇది ఒకటి కలుపుతారు. కొన్నిచోట్ల అక్కలు చేటలో పోసి వీటిని ఏరి పారేస్తారు. అలా చేస్తే పిల్లలకు అందాల్సిన ఇనుము చెత్తకుప్పలోకి పోయినట్టే. ఏరనక్కర్లేదు, నాలుగైదు సార్లు గట్టిగా పిసికి కడగనక్కర్లేదు, గంజి వార్చకుండా అత్తెసరుగా వండితే ఇంకా మంచిది. మొదటి తల్లిదండ్రుల సమావేశంలోనే గుప్పెడు బియ్యం పళ్లెంలో పోసి ఆ గింజలను వేలితో చూపించి చెప్పేస్తే గొడవే ఉండదు.

గుడ్ల దగ్గర ఒక్క పని చేస్తే సగం సమస్యలు పోతాయి. ఉడకబెట్టే ముందు బకెట్ నీళ్లలో వేయండి. అడుగున పడుకున్నది తాజాది. నిలబడినది పాతది, ఆ రోజే వాడేయాలి. తేలినది పారేయాలి. పగిలినవి ముందే తీసేయాలి. మరుగు మొదలయ్యాక 10 నుంచి 12 నిమిషాలు ఉడకాలి. 100 గుడ్లు ఒకేసారి వేస్తే నీళ్లు మళ్లీ మరగడానికే చాలాసేపు పడుతుంది, కాబట్టి లెక్క మరుగు నుంచే మొదలుపెట్టాలి. పెంకు వడ్డనకు ముందే తీయాలి. పొద్దున్నే ఒలిచి మూత లేని పళ్లెంలో పెట్టిన గుడ్డు మధ్యాహ్నానికి జిగురుగా మారుతుంది, దాని మీద ఈగ వాలిందంటే ఇక చెప్పనక్కర్లేదు. గుడ్డు చిన్నదిగా ఉందన్న అనుమానం వస్తే పది గుడ్లు కలిపి తూచండి. అర కిలోకు దగ్గరగా రావాలి. ఒక్క గుడ్డు తూచి గొడవ పడితే ఎవరూ వినరు, పది తూచి చూపిస్తే వింటారు.

పాచిపోవడం, పురుగుమందు, నిప్పు

పిల్లలు వాంతులు చేసుకున్నారన్న వార్త చదివితే చాలామందికి ముందు బల్లి గుర్తొస్తుంది. బల్లి పడిన సాంబారు పారబోయాల్సిందే, అందులో సందేహం లేదు. మూతలు పెట్టడం, పొయ్యి మీద కప్పుకు పగుళ్లు లేకుండా చూడటం తప్పనిసరి. కానీ ఎక్కువ హాని చేసేది కంటికి కనపడదు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అందులో ఒక రకం బాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. ఆ అన్నాన్ని మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. పొయ్యి మీంచి దించిన రెండు గంటల్లోపు కంచంలో పడాలి, లేదా చేయి పెట్టలేనంత వేడిగా ఉండాలి. పెద్ద వంటశాల నుంచి వ్యాన్‌లో వచ్చే భోజనమైతే గిన్నె మూత తీయగానే ఆవిరి రావాలి. ఆవిరి రాలేదంటే, వాసన బాగానే ఉన్నా, అక్కడే ఆపి ఫోన్ చేయండి. ప్రయాణం దూరమున్న రోజుల్లో చింతపండు పులిహోర మిగతావాటికన్నా నిలుస్తుంది, పులుపుకు ఆ గుణం ఉంది.

రుచి చూడటం రికార్డు కోసం కాదు. పిల్లల కన్నా ముందు కనీసం ఒక టీచరు, కమిటీ నుంచి పెద్దవాళ్లు తినాలని 2015 మధ్యాహ్న భోజన నియమాలు చెబుతున్నాయి. చిటికెడు నాలుక మీద పెట్టుకుంటే తెలియదు. ఒక ముద్ద కలిపి తినాలి. తేడా అనిపిస్తే వడ్డన ఆపే అధికారం ఆ ముద్ద తిన్నవాళ్లకు ఉండాలి, ఆ మాట ముందుగానే అనుకుని ఉండాలి. నూనె తేడాగా ఉందని వంట మనిషి చెప్పినా పిల్లలకు పెట్టించిన చోట ఏం జరిగిందో దేశం చూసింది. బీహార్ సారణ్ జిల్లాలో 2013 జూలై 16న బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. అది మన పత్తి చేలల్లో కొట్టిన మందే. అంతకు తొమ్మిదేళ్ల ముందు, అదే జూలై 16న, తమిళనాడు కుంభకోణంలో బడి వంటగది నుంచి ఆకుల కప్పుకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు.

ఈ రెండు సంఘటనల నుంచి తీసుకోవాల్సినవి చాలా చిన్న పనులు. మందు డబ్బాలో, ఎంత కడిగినదైనా సరే, వంట సరుకు పోయకూడదు. నూనె సీలున్న ప్యాకెట్లలోనే కొనాలి, విడి నూనె వద్దు. స్టోరు గదిలో పురుగుమందు, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ ఉండకూడదు. బియ్యానికి పురుగు పడితే ఎండబెట్టి చెరిగి, ఎండు వేపాకు వేయండి. పురుగుల బిళ్లలు పెట్టొద్దు. సంచులు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో ఉంచాలి. పాత సంచి ముందు వాడాలి. దించుకునేటప్పుడు కాటా వేయాలి. 50 కిలోల గోనె సంచి ఖాళీ బరువే అర కిలో దాటుతుంది, అది తీసేసి లెక్క కట్టాలి. వంట షెడ్డు తరగతి గదికి ఆనుకుని ఉండకూడదు, కప్పు ఆకులతోనో టార్పాలిన్‌తోనో ఉండకూడదు. వర్షం రోజుల్లో వరండాలో పొయ్యి పెట్టడం ఇప్పటికీ చూస్తున్నాం. ఆ రోజు అన్నం కాస్త ఆలస్యమైనా సరే, అది ఆపించండి.

వంట మనుషుల సంఖ్యకూ నియమం ఉంది. 25 మంది పిల్లల దాకా ఒకరు, 100 దాకా ఇద్దరు, ఆపై ప్రతి వందకూ ఒకరు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరి మీద పడితే గుడ్లు పిల్లలే ఒలుస్తారు, అన్నం గుండిగ పిల్లలే మోస్తారు. కాలిన చేతులు అక్కడే వస్తాయి. గుండిగ దించేది పెద్దవాళ్లే అయి ఉండాలి.

వరుసల గురించి కూడా చెప్పాలి. ఎవరు వండారని అడిగి తమ పిల్లల్ని బడిలో తిననీయని ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ మహిళలకు వంట పనిలో ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. ఈ విషయంలో హెచ్ఎం నీళ్లు నమిలితే అది వరుసల్లోకి పాకుతుంది. మాటలకన్నా పనిచేసేది ఒకటే, టీచర్లంతా అదే వరుసలో కూర్చుని, అదే గుండిగలోది తినడం.

పన్నెండున్నర కన్నా ముందు

బడి భోజనం ఎంత బాగున్నా అది మధ్యాహ్నం. ఆకలి పొద్దున్నే మొదలవుతుంది. కూలికి తెల్లారేసరికి వెళ్లే ఇళ్లలో పిల్లలు ఒక గ్లాసు టీ తాగి వస్తారు. ప్రార్థనలో కళ్లు తిరిగి కూలబడే పిల్ల, రెండో పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చే పిల్లాడు, పదకొండింటికి కడుపునొప్పి అనే పిల్ల. ఈ మూడూ వరుసగా రెండు వారాలు గమనించి తేదీలతో రాసుకోండి. జ్వరమైతే తేదీలు చెల్లాచెదురుగా ఉంటాయి. ఆకలైతే సోమవారాలు, నెలాఖర్లు కనిపిస్తాయి. బడి కంచె పక్కన అడవి ఆముదం చెట్లుంటే కొట్టించేయండి. ఇంటర్వెల్‌లో ఆ గింజలు తిని ఆసుపత్రి పాలయ్యే పిల్లల వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి.

"పొద్దున తిన్నావా?" అని అందరి ముందు అడిగితే ప్రతి బిడ్డా తిన్నాననే చెబుతుంది. "రాత్రి ఏం కూర చేసింది అమ్మ?" అని పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే జవాబు వేరేలా వస్తుంది. రాగిజావ ఇచ్చే రోజుల్లో అది బడి మొదలవగానే ఇవ్వాలి. పదకొండింటికి ఇస్తే మధ్యాహ్నం అన్నం తినలేరు, పొద్దుటి ఆకలీ తీరదు. జావ ఉండకట్టకుండా ఉండాలంటే పిండిని చల్లనీళ్లలో కలుపుకుని మరిగే నీళ్లలో పోస్తూ తిప్పాలి. ఉండలున్న జావను పిల్లలు ఒకసారి పారబోస్తే మళ్లీ గ్లాసు పట్టరు.

గుడ్డు తినకుండా కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకునే పిల్ల ప్రతి బడిలోనూ కనిపిస్తుంది. కోప్పడకండి. ఇంట్లో చెల్లో తమ్ముడో ఉండి ఉంటారు. ఆ గుడ్డు సాయంత్రం దాకా సంచిలో పాడవుతుంది కాబట్టి ఆమెను అక్కడే తిననిచ్చి, ఆ చిన్న బిడ్డ పేరు అంగన్‌వాడీలో ఉందో లేదో కనుక్కోండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ ఆహారం ఇవ్వాలి, బాగా బలహీనపడిన వాళ్లకు ఇంకా ఎక్కువ. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే ఆలస్యం చేయకూడదు. అంగన్‌వాడీ టీచరు దగ్గర ఆ రంగుల టేపు ఉంటుంది. ఎరుపులో పడితే డాక్టరుకు చూపించి, అవసరమైతే ప్రభుత్వ ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి.

అన్నం నిండుగా తింటున్నా పాలిపోయి, ఆయాసపడే పిల్లలకు రక్తహీనత ఉండొచ్చు. ఐదు నుంచి తొమ్మిదేళ్ల వారికి గులాబీ రంగు ఐరన్ మాత్ర, పది నుంచి పందొమ్మిదేళ్ల వారికి నీలం రంగుది, వారానికొకటి. ఖాళీ కడుపుతో వేస్తే వికారం వస్తుంది, ఇక ఊరంతా మాత్రల మీద భయం పడుతుంది. భోజనం అయ్యాక, టీచరు కళ్ల ముందు మింగించాలి. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పాలి. భోజనం తర్వాత టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, కూరలో నిమ్మరసం పిండితే బాగా పడుతుంది. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా తప్పించొద్దు. కడుపులో పురుగులుంటే పెట్టిన తిండి బిడ్డకు పూర్తిగా అందదు.

దాతలకు

పుట్టినరోజుకో పెద్దల జ్ఞాపకార్థమో బడిలో భోజనం పెట్టించాలనుకోవడం చాలా మంచి ఆలోచన. దీనికి తిథి భోజనం అని పథకంలోనే చోటుంది. వారం ముందు హెచ్ఎంతో మాట్లాడండి. మీరు పెట్టేది రోజువారీ భోజనానికి తోడుగా ఉండాలి. పెళ్లిలో మిగిలినవి తీసుకురావద్దు. స్వీటు ప్యాకెట్లకన్నా పెరుగు, అరటిపండు, పల్లీలు, గుడ్డు లేని రోజున గుడ్డు ఎక్కువ పనికొస్తాయి. ఒక్క రోజు విందుకు పెట్టే ఖర్చుతో ఒక పెద్ద ప్రెజర్ కుక్కర్, మూతలున్న స్టీలు డ్రమ్ములు, ఒక మంచి కాటా కొనిస్తే అవి ఏళ్లపాటు వందల పూటలకు ఉపయోగపడతాయి. కంచం పట్టుకున్న పిల్లల ఫొటోలు తీసి పెట్టకండి. ఆ ఫొటో ఊళ్లో తిరిగితే మరునాడు ఆ పిల్ల వరుసలోకి రావడానికి వెనకాడుతుంది.

భోజనం ఆగిపోతే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. బియ్యం లేకో, డబ్బు లేకో, గ్యాస్ లేకో, వంట మనిషి రాకో ఒక రోజు భోజనం పెట్టకపోతే, ఆ రోజు బియ్యం, వంట ఖర్చు లెక్కగట్టి ఆహార భద్రత భత్యంగా ప్రతి బిడ్డకూ తర్వాతి నెల 15వ తేదీలోగా ఇవ్వాలి. వరుసగా మూడు పని రోజులు, లేదా నెలలో ఐదు రోజులు ఆగితే బాధ్యులెవరో తేల్చాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. సరుకు తాత్కాలికంగా రాకపోతే బడి దగ్గరున్న వేరే నిధులు వాడి వంట నడిపించే అధికారం హెచ్ఎంకు ఉంది, ఆ డబ్బు తర్వాత తిరిగి జమవుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది హెచ్ఎంలు వంట ఆపేసి కూర్చుంటారు. ఆగిన ప్రతి రోజునూ తేదీ, కారణం రాసి కమిటీ సంతకాలతో ఎంఈఓకు ఇవ్వండి. కదలిక లేకపోతే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి, ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉన్నాయి. ఒంటరిగా ఉన్న, ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేని బిడ్డ గురించైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు.

వేసవి సెలవులు దీనిలో అన్నిటికన్నా పెద్ద ఖాళీ. కరువు ప్రాంతాల్లో సెలవుల్లోనూ భోజనం పెట్టాలని 2004లోనే సుప్రీంకోర్టు ఆదేశం ఉంది. మండలాన్ని కరువు మండలంగా ప్రకటించిన ఏడాది ఏప్రిల్ మొదటి వారంలోనే కమిటీ తీర్మానం చేసి పంపాలి, సెలవులిచ్చాక అడిగితే వంట ఏజెన్సీ ఉండదు, బియ్యం ఉండవు. పాలమూరు, అనంతపురం, పడమటి కర్నూలు నుంచి మిరపకాయ కోతలకూ పత్తి ఏరడానికీ వలస వెళ్లే ఇళ్ల పిల్లలు వెళ్లిన ఊరి బడిలో ఏ నెలలోనైనా చేరవచ్చు. టీసీ (పాత బడి ఇచ్చే బదిలీ సర్టిఫికెట్) లేదని చేర్చుకోకపోవడం చట్టవిరుద్ధం. చేరిన రోజు నుంచే అక్కడ అన్నం పెట్టాలి. వలస వెళ్లేముందు హెచ్ఎం ఒక కాగితం మీద పేరు, తరగతి రాసి సంతకం పెట్టి ఇస్తే ఆ తల్లికి ఎంతో ధైర్యం.

ఇక ఆ సోమవారం సంగతి. నెల కోటా ఒకటే కాబట్టి, శనివారం హాజరు తక్కువుండి మిగిలిన బియ్యాన్ని రిజిస్టరులో మిగులుగానే చూపించి, సోమవారం ప్రతి యాభై మందికీ ఒక కిలో ఎక్కువ వేయండి. గుడ్డు ఆ రోజు తప్పిపోకుండా చూడండి. వడ్డన పదిహేను నిమిషాలు ముందు మొదలుపెట్టండి. మారు గుండిగను వెనక వరుస నుంచి ముందుకు తిప్పండి, ఎందుకంటే ఆకలితో వచ్చిన పిల్లలు ఎక్కువగా కూర్చునేది అక్కడే.